కర్త ఎవరు

అయామోంతె రేవులో పదింటికి పడవెక్కితే
అవతల తొమ్మిదింబావుకి దిగుతారు.
గ్వాదియానా నది మధ్యలో ఎక్కడో
గడియారం ఒక గంట వెనక్కి నడుస్తుంది.
అటు ఒడ్డు పోర్చుగల్. అక్కడ ఏ మాటన్నా
బయల్దేరకముందే అనేసినట్టు లెక్క.

టికెట్లు చింపే ఎవుతీమియో అలాగే అనేశాడు
ఒక మంగళవారం, పడవ ఒడ్డుకి రాసుకుంటూండగా,
కాస్త్రో మరీం ఉప్పుమళ్ళ జుల్మీరాతో.
ఆమె సైకిల్ వెనక తడి సంచి,
మోచేతుల దాకా తెల్లటి చారలు.

"మె గుస్తాస్."

అతని స్పానిష్‌లో అది సిగ్గరి మాట.
'నేను' అనేవాడు అందులో ఉండడు,
వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు
'నాకు' అని ఓ పక్కన ఒదిగి ఉంటాడు.
పనంతా ఆమెదే. నచ్చుతున్నది ఆమె.
అతనికి జరుగుతోంది, అంతే,
నిద్ర వచ్చినట్టు, తుమ్ము వచ్చినట్టు.

ఆ మాట పోర్చుగీసు చెవిని చేరేసరికి
తిరగబడింది.
ఆమె భాషలో గోష్తాష్ అంటే
ఇష్టపడుతున్నది ఎదుటి మనిషి.
నువ్వు నాకు నచ్చావని అతనంటే
నన్నంటే నీకిష్టం అని ఆమెకి వినపడింది.

"ఎవడు చెప్పాడు నీకు?"
అని సైకిల్ దించుకుని వెళ్ళిపోయింది.
కర్త తనే, కర్మ తనే,
క్రియ కూడా తన నెత్తినే పెట్టాడేమిటీ మనిషి!

తొమ్మిది రోజులు ఉప్పు పడవెక్కలేదు.

పదో రోజు ఆదివారం. లేపె తోటల్లో
స్ట్రాబెర్రీలు కోసే సింజియానా
నడుం పట్టేసి బల్ల మీద కూలబడింది.
రొమేనియాలో ఉన్నప్పుడు బడిలో లాటిన్ చెప్పేదట.
ఎవుతీమియో గోడు విని
నవ్వబోయి, నడుం కలుక్కుమని, మానుకుంది.

"మీ ఇద్దరిదీ ఒకటే ముసలమ్మ కడుపు.
ఆవిడ అన్నది గుస్తారె. రుచి చూడటం, ఇంకేం కాదు.
ఆ పిల్ల వాళ్ళు నాలుకని తమ దగ్గరే ఉంచుకున్నారు,
మీ వాళ్ళు కూరకి అప్పగించారు.
మా ఊళ్ళో అయితే ఆకలిక్కూడా మనిషి కర్త కాడు.
నాకు ఆకలి. నాకు చలి. నాకు దోర్."

దోర్ అంటే ఏమిటని అడిగాడు.
ఆమె నీళ్ళకేసి చూసింది.
పడవ ఆగాక, టికెట్ ముక్క అతని చేతిలో పెట్టి
"దాన్ని రుచి చూడలేం" అని దిగిపోయింది.

జుల్మీరా వచ్చింది, అక్టోబరు చివర.
అప్పటికి ఎవరో ఆమెకి విడమర్చి చెప్పారు.
చెప్పారో, తనే ఉప్పు తోడుతూ తేల్చుకుందో.
రెయిలింగు పట్టుకుని, అతని వైపు చూడకుండా
తన భాషలో, తనే కర్తగా అన్నది:

"గోష్తు ద తి."

అతనికి గోష్తు గుస్తోగా వినపడింది.
గుస్తో, అంటే, నేను నచ్చుతాను.
ఎంత ధీమా ఈ పిల్లకి అనుకున్నాడు.
అయినా ఉన్నమాటే కదా,
"అవును" అన్నాడు.

చెరో ప్రశ్నకి ఒకటే జవాబు
చాలా పెళ్ళిళ్ళు ఇంతకన్నా తక్కువ మీదే నిలబడ్డాయి.

ఇప్పుడు వంటింట్లో రెండు గడియారాలు,
గంట తేడాతో, రెండూ సరైనవే.
సార్డీన్ చేపల్ని ఆమె ఇష్టపడుతుంది.
అతనికి అవి నచ్చుతాయి.
పెనం మీది చేపకి ఈ తేడా తెలియదు,
రెండు వైపులా సమానంగా మాడుతుంది.

ఒక్కో రాత్రి దీపం ఆర్పాక
ముప్ఫై ఒక్క ఏళ్ళ పాత మాట మళ్ళీ తీస్తాడు,
మె గుస్తాస్.
అర్థం అంతా తెలిసి, కావాలనే,
దుప్పటి తన వైపు లాక్కుంటూ ఆమె,
"ఎవడు చెప్పాడు నీకు?"